సెన్సర్ రీడింగులు కంప్యూటర్‌కి పంపాలంటే: టెక్స్ట్ మేలా, బైనరీ మేలా?

ఆర్డుయినో అనే చిన్న ప్రోగ్రామబుల్ బోర్డుతో సెన్సర్లు చదవడం మొదలుపెట్టిన ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ సందేహం వస్తుంది. రీడింగుని అంకెలుగా, లైనుకి ఒకటి చొప్పున ప్రింట్ చేయాలా, నేరుగా బైట్లుగా, అంటే బైనరీలో, పంపేయాలా? బైనరీ వేగం కాబట్టి అదే మేలని చాలామంది అనుకుంటారు. ముందు ఆ వేగం సంగతే లెక్కేసి చూద్దాం.

సీరియల్‌లో, అంటే బిట్ తర్వాత బిట్ పంపే పద్ధతిలో, స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి ఒక్కో బైటుకి 10 బిట్లు పోతాయి. 9600 బాడ్ అంటే సెకనుకి 9600 బిట్లు, అంటే 960 బైట్లు. 1023 అనే రీడింగుని ప్రింట్‌లైన్ (println) కమాండ్‌తో పంపితే నాలుగు అంకెలు, లైను చివర రెండు గుర్తులు, మొత్తం 6 బైట్లు. అంటే సెకనుకి 160 రీడింగులు. బైనరీలో 2 బైట్లే కాబట్టి 480 వెళ్తాయి. మూడింతల లాభం నిజమే. కానీ బాడ్ రేటుని 115200 చేస్తే టెక్స్టే సెకనుకి 1920 రీడింగులు మోస్తుంది. ఒక్క సెట్టింగుతో పన్నెండింతలు వస్తుంటే, మూడింతల కోసం ఫార్మాట్ మార్చుకోవడం ఎందుకు? ఉష్ణోగ్రత, వెలుతురు, నేలలో తేమ లాంటివి సెకనుకి పదిసార్లు చదివితే చాలా ఎక్కువ.

నా లెక్కలో అసలు తేల్చేది వేగం కాదు, దారిలో ఒక బైటు పోతే ఏమవుతుందన్నది.

సెన్సర్ 258 దగ్గర నిలకడగా ఉందనుకోండి. పై బైటు ముందు పంపితే అది 1, 2 (1 × 256 + 2). వరసగా 1, 2, 1, 2 అని వెళ్తుంటుంది. మధ్యలో ఒక్క 1 జారిపోయిందంటే అక్కడి నుంచి కంప్యూటర్ 2, 1 అని జత కడుతుంది. అది 513. ఆర్డుయినో యునో బోర్డులో 5 వోల్టుల రిఫరెన్స్ మీద (అంటే 5 వోల్టులకి 1023 వచ్చేలా) 1.26 వోల్టులు చూపించాల్సింది 2.5 వోల్టులు చూపిస్తుంది. ఎర్రర్ రాదు, ప్రోగ్రామ్ ఆగదు, గ్రాఫ్ కూడా నున్నగానే ఉంటుంది. సెన్సర్ పాడైందేమో, వైరింగ్ తప్పేమో అని అంతా విప్పి చూస్తాం, టెన్షన్ తప్ప ఏమీ దొరకదు. టెక్స్ట్‌లోనూ అంకె పోవచ్చు, 1023 కాస్తా 123 అయిపోవచ్చు. అయితే నష్టం ఆ లైనుతోనే సరి. తర్వాతి లైను మళ్లీ సరిగ్గానే వస్తుంది. పైగా సీరియల్ మానిటర్ తెరిస్తే ఏం వస్తోందో కళ్లకి కనిపిస్తుంది. అందుకే నా ఓటు టెక్స్ట్‌కే.

టెక్స్ట్ పంపేటప్పుడు ప్రతి రీడింగు పక్కన కామా పెట్టి బోర్డులోని టైమ్ కూడా పంపండి. యునోలో పంపే బఫర్ (పంపాల్సిన బైట్లు వరసలో ఆగే చోటు) 64 బైట్లే. అది నిండితే ప్రింట్ ఖాళీ కోసం ఆగుతుంది, రీడింగుల మధ్య దూరం మారిపోతుంది. యూఎస్‌బీ కూడా డేటాని గుంపులుగా అందిస్తుంది కాబట్టి కంప్యూటర్‌లో వేసే టైమ్‌ని నమ్మలేం. వోల్టులుగా మార్చే పని కూడా కంప్యూటర్‌కే వదిలేయండి. రిఫరెన్స్ సరిగ్గా 5 వోల్టులు లేదని తర్వాత తెలిసినా, అసలు రీడింగులు ఉంటే దిద్దుకోవచ్చు.

వై-ఫై సంగతికొస్తే, వైరు లాగలేని చోట తప్పదు. వై-ఫై ఉన్న పాత ఈఎస్‌పీ32 చిప్‌లో వోల్టేజీని అంకెగా మార్చే భాగాలు రెండు: ఏడీసీ1, ఏడీసీ2. వై-ఫై నడుస్తుండగా ఏడీసీ2 పిన్నులు చదవడం కుదరదు, ఏడీసీ1 పిన్నులే వాడాలి. బ్లూటూత్ సీరియల్ మాడ్యూల్ పెడితే వైరు పోతుందంతే, ప్రశ్న అలాగే ఉంటుంది.

కంపనాలు, ధ్వని లాంటివి కొలిచేవాళ్లకి మాత్రం సెకనుకి వేలల్లో రీడింగులు కావాలి, అక్కడ బైనరీయే దిక్కు. 115200 దగ్గర 5760 దాకా వెళ్తాయి. కానీ ఉత్త బైట్లు పంపొద్దు. కొత్త లైను గుర్తుని హద్దుగా పెట్టినా లాభం లేదు, ఎందుకంటే దాని విలువ 10, అదే 10 రీడింగులోనూ రావచ్చు. దానికి బదులు యునో ఇచ్చే 10 బిట్ల (0 నుంచి 1023 దాకా) రీడింగుని పై మూడు, కింది ఏడు బిట్లుగా విడదీసి, మొదటి దానికి 128 కలపండి. అప్పుడు 258 అంటే 130, 2. మొదటి బైటు ఎప్పుడూ 128కి తగ్గదు, రెండోది ఎప్పుడూ 127 దాటదు. ఏ బైటు పోయినా, 128 లేదా అంతకంటే పెద్దది రాగానే జత మళ్లీ కుదురుతుంది, అదనంగా ఒక్క బైటూ ఖర్చవదు. ఇలా 14 బిట్ల దాకా పడతాయి, ఈఎస్‌పీ32 ఇచ్చే 12 బిట్ల రీడింగులకీ ఇదే పద్ధతి చాలు.