పాత ఇల్లు కొంటున్నారా? రిపోర్టులో ‘ఆస్బెస్టాస్ కనబడలేదు’ అని ఉంటే అక్కడే ఆగండి

ఇది రాయాలా వద్దా అని మూడు నెలలుగా ఊగిసలాడుతున్నాను. రాస్తే మా తెలివితక్కువతనం నలుగురికీ తెలుస్తుంది. కానీ మొన్న మా బావమరిది ఒక పాత ఇల్లు చూసి వచ్చి, "ఇన్‌స్పెక్షన్ రిపోర్టు క్లీన్‌గా ఉంది బావా" అన్నాడు. మేమూ సరిగ్గా అదే అనుకుని సంతకాలు పెట్టాం. అందుకని ఇక రాసేస్తున్నాను.

మేం కొన్నది యాభై ఏళ్లు దాటిన ఇల్లు. గోడలు గట్టివి, గాలీ వెలుతురూ బాగా వస్తాయి. ఏమీ చూసుకోకుండా కొన్నామని అనుకోకండి. డబ్బిచ్చి మరీ తనిఖీ చేయించాం. లావుపాటి రిపోర్టు చేతికొచ్చింది. గోడల్లో తేమ, పాత వైరింగు, కిటికీ చెక్కలు, అన్నిటికీ ఫోటోలతో సహా వివరాలున్నాయి. ఆస్బెస్టాస్ దగ్గరికొచ్చేసరికి ఒకే ఒక్క వాక్యం. ‘ఆస్బెస్టాస్ ఉన్న వస్తువులేవీ కనబడలేదు.’ మేం దాన్ని ‘లేవు’ అని చదువుకున్నాం. చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకో మాట ఉంది. ఈ తనిఖీ కంటికి కనిపించేంతవరకే, నమూనాలు తీయలేదు, ల్యాబ్ పరీక్ష చేయించలేదు అని. ఆ పేజీ నేను చదివింది అంతా అయిపోయాక.

కంటితో చూసి ఆస్బెస్టాస్‌ని పోల్చుకోవడం ఎవరివల్లా కాదు. నాకు ఇప్పుడు తెలిసిన సంగతి ఇది. ఆస్బెస్టాస్ అంటే రాతినార, దాని పోగులు పీలిస్తే ఏళ్ల తర్వాత క్యాన్సర్ రావచ్చు. భూమిలోంచి తవ్వి తీసే ఖనిజమే, కానీ పీచులా విడివడుతుంది. నిప్పంటుకోదు, వేడి దాటనివ్వదు, చవక. అందుకే సిమెంటు రేకుల్లో, నీటి గొట్టాల్లో, సీలింగు పలకల్లో, ఫ్లోర్ టైల్స్‌లో, వాటిని అతికించే నల్లటి జిగురులో, బాయిలర్ చుట్టూ కట్టిన పట్టీల్లో, ఆఖరికి కిటికీ అద్దాలకు పెట్టే పుట్టీలో కూడా కలిపారు. కలిపాక అది సిమెంటులాగో అట్టలాగో కనిపిస్తుంది తప్ప నారలా కనిపించదు. దాంట్లోని పోగు ఒక్కోటి వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నం. ముక్క తీసి ల్యాబులో మైక్రోస్కోపు కింద పెడితేనే తేలుతుంది. ‘చూస్తే చెప్పేస్తాం’ అనేవాళ్లు ఊహించి చెబుతున్నట్టే లెక్క.

మా ఇంట్లో వెనక గది సీలింగు బాగా కిందికి ఉండేది. దాన్ని తీసేస్తే గది ఎత్తుగా కనిపిస్తుందని మా ఆవిడ అంది, నేనూ సరేనన్నాను. మేస్త్రీ వచ్చి వేలితో కొట్టి చూసి, "ప్లాస్టర్ బోర్డు సార్, అరపూటలో పీకేస్తాం" అన్నాడు. నిజంగానే అరపూటలో పీకేశారు. గునపంతో కుళ్లగించారు, సుత్తితో కొట్టారు, అంచుల దగ్గర ఊడి రాని ముక్కల్ని గ్రైండర్‌తో కోశారు. ఇల్లంతా తెల్లటి దుమ్ము. పనివాళ్లు మొహానికి తువాళ్లు చుట్టుకున్నారు. సాయంత్రం పొడి చీపురుతో ఊడ్చి, సంచుల్లోకి ఎత్తి, గేటు పక్కన పెట్టి వెళ్లారు. మిగిలిన దుమ్మంతా నేను ఇంట్లో వాడే వ్యాక్యూమ్ క్లీనర్‌తో లాగేశాను. చేసిన తప్పుల్లోకెల్లా పెద్ద తప్పు అదేనట. ఆ మెషిన్ ఫిల్టరుకు ఈ పోగులు ఆగవు. ముందు నుంచి పీల్చి వెనక నుంచి ఇల్లంతా చల్లుతుంది.

మా పాపకి ఆరేళ్లు. కిటికీ గట్టు మీద పేరుకున్న దుమ్ములో వేలితో పువ్వు బొమ్మ వేసింది. నేను ఫోటో కూడా తీశాను. ఆ ఫోటో ఇప్పుడు చూడలేను, అలాగని తీసేయనూ లేను.

మూడో రోజు కరెంటు పని చేసే పెద్దాయన వచ్చాడు. గేటు దగ్గర విరిగిన పలక ముక్క చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "బాబూ, దీన్ని టెస్ట్ చేయించారా?" అన్నాడు. అప్పుడు పంపాం ల్యాబుకి. అమోసైట్, క్రైసోటైల్ రెండూ ఉన్నాయని వచ్చింది. మామూలు మాటల్లో చెప్పాలంటే గోధుమ రంగు ఆస్బెస్టాస్, తెల్ల ఆస్బెస్టాస్. మేస్త్రీ ప్లాస్టర్ బోర్డు అనుకున్నది నిజానికి వేడి తగలకుండా ఒకప్పుడు వాడిన ఆస్బెస్టాస్ పలక. పైకి రెండూ ఒకేలా ఉంటాయి.

ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి, ఎందుకంటే చాలామందికి ఆస్బెస్టాస్ అనగానే సిమెంటు రేకులే గుర్తొస్తాయి. రేకుల్లో రాతినార సాధారణంగా 10 నుంచి 15 శాతం, మిగతాదంతా సిమెంటు. సిమెంటు దాన్ని గట్టిగా పట్టి ఉంచుతుంది. పగలగొట్టకుండా, కోయకుండా, గీకకుండా ఉన్నంతకాలం పెద్దగా వదలదు. అదే సీలింగు పలకల్లో, గొట్టాలకు చుట్టిన మెత్తటి పూతల్లో నార పాలు చాలా ఎక్కువ, పట్టు తక్కువ. కాస్త కదిపితే చాలు, గాలిలోకి లేస్తుంది. మేం కదపడం కాదు, గ్రైండర్ పెట్టాం.

"మేం ఇన్నేళ్లు ఆ గదిలోనే పడుకున్నాం, మాకేం కాలేదే!" అని అమ్మినాయన ఫోన్లో అన్నాడు. ఆయన అబద్ధం చెప్పాడని నేననను. ఆ పలకలు చెక్కుచెదరకుండా, మీద రంగుతో అలాగే ఉన్నాయి. వాళ్లు వాటి జోలికి పోలేదు. జోలికి పోయింది మేమే. కానీ ఆ మాటలో ఇంకో మోసం ఉంది. మెసోథెలియోమా అనే జబ్బు ఇవాళ పీలిస్తే రేపు కనిపించేది కాదు. ఊపిరితిత్తుల చుట్టూ, కడుపులోని అవయవాల చుట్టూ ఉండే పలుచని పొరకు వచ్చే క్యాన్సర్ అది. పీల్చిన పోగుల్లో కొన్ని ఆ పొరదాకా చేరి అక్కడే దిగబడిపోతాయి. శరీరం వాటిని కరిగించలేదు, బయటకు నెట్టలేదు. ఏళ్ల తరబడి అక్కడ వాపు, ఒరిపిడి. జబ్బు బయటపడటానికి 20 నుంచి 50 ఏళ్లు పడుతుంది. చాలామందిలో 30, 40 ఏళ్ల తర్వాతే. కాబట్టి ‘మాకేం కాలేదు’ అనడం వల్ల ఏదీ తేలదు. మా పాపకి ముందున్న ఏళ్లు నాకంటే ఎక్కువ అన్న ఆలోచన వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈ ప్రమాదం గనుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకే అనుకునేవాణ్ని. దక్షిణాఫ్రికాలో నీలిరంగు ఆస్బెస్టాస్ గనుల ప్రాంతంలో వాగ్నర్, ఆయన తోటి డాక్టర్లు 33 మంది మెసోథెలియోమా రోగుల వివరాలు 1960లో ప్రచురించారు. వాళ్లలో గనిలో ఒక్కరోజు కూడా పని చేయనివాళ్లున్నారు, ఆ చుట్టుపక్కల పెరిగారంతే. 1965లో లండన్ రోగుల మీద న్యూహౌస్, థాంప్సన్ అనే పరిశోధకులు చేసిన పరిశీలనలో ఫ్యాక్టరీ మనుషులే కాదు, వాళ్లతో ఒకే ఇంట్లో ఉన్నవాళ్లూ కనిపించారు. పనిబట్టలు ఉతికిన ఆడవాళ్లు. ఇది చదివాక మా మేస్త్రీ ఇంట్లో ఆయన చొక్కా ఎవరు దులిపారో, ఎవరు ఉతికారో అనిపించింది.

ఇల్లు కొనేవాళ్లు మాత్రం కాన్‌బెర్రా సంగతి తప్పక తెలుసుకోవాలి. ఆస్ట్రేలియా రాజధానిలో 1968 నుంచి 1979 దాకా ఒక వ్యాపారి ఇళ్ల అటకల మీద వేడి తగలకుండా వదులు ఆస్బెస్టాస్ పీచునే పరిచి వెళ్లాడు. వెయ్యికి పైగా ఇళ్లు. తర్వాత ప్రభుత్వం ఖర్చు పెట్టి శుభ్రం చేయించింది. శుభ్రమైందనుకునే జనం ఆ ఇళ్లు కొన్నారు, అమ్మారు. తీరా చూస్తే గోడల మధ్య సందుల్లో పీచు ఇంకా ఉంది. చివరికి 2014లో ప్రభుత్వమే ఆ ఇళ్లను వెనక్కి కొని కూలగొట్టడం మొదలుపెట్టింది. ‘తీయించేశాం’ అని అమ్మేవాళ్లు చెబితే ఎవరు తీశారు, తీశాక గాలి పరీక్ష చేయించారా, కాగితం ఏదీ అని అడగండి.

‘మా దేశంలో ఎప్పుడో నిషేధించారు కదా’ అన్న ధీమా కూడా వద్దు. ఐస్‌లాండ్ 1983లో, బ్రిటన్ 1999లో, ఆస్ట్రేలియా 2003 చివర్లో నిషేధించాయి. నిషేధం కొత్త సరుక్కే. గోడలో అప్పటికే ఉన్నది గోడలోనే ఉంటుంది. ఇంకా నిషేధించని దేశాల్లోనైతే ఇల్లు కొత్తదైనా అడగాల్సిందే.

డాక్టర్ గారి దగ్గరికి వెళ్లాం. ఎక్స్‌రే తీయమని నేను పట్టుబట్టాను. ఇప్పుడు తీస్తే ఏమీ కనిపించదు, పోగులు ఎక్స్‌రేలో పడవు, మీ టెన్షన్ తగ్గించడానికి పిల్లకి అనవసరంగా రేడియేషన్ ఇవ్వను అన్నారు. ఎంత పీల్చాం, ఎన్నాళ్లు పీల్చాం అన్నదాన్ని బట్టే ముప్పు పెరుగుతుంది, రెండు మూడు రోజుల దుమ్ముతో జబ్బు వచ్చే అవకాశం చాలా తక్కువ అని కూడా చెప్పారు. ఏళ్ల తరబడి అందులోనే పనిచేసినవాళ్లలోనూ ఎక్కువమందికి మెసోథెలియోమా రాదట. అయితే ఇంతవరకు ఫరవాలేదు అని గీత గీసి చెప్పగల సురక్షిత మోతాదు అంటూ లేదు. భయపడి కూర్చోవద్దు, మర్చిపోనూ వద్దు అన్నారు. ఎప్పుడైనా ఆగకుండా ఆయాసం, ఛాతీలో నొప్పి, ఊపిరితిత్తుల పక్కన నీరు చేరడం లాంటివి వస్తే ఏ డాక్టరుకైనా ముందు ఈ సంగతి చెప్పాలట. తేదీతో సహా మా ముగ్గురి ఫైళ్లలోనూ రాశారు. నేను సిగరెట్లు మానేశాను. సిగరెట్టుకీ మెసోథెలియోమాకీ సంబంధం లేదు కానీ, ఆస్బెస్టాస్ వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి మాత్రం పొగ తోడైతే ముప్పు ఎన్నో రెట్లవుతుంది.

తర్వాత శిక్షణ, లైసెన్సు ఉన్నవాళ్లు వచ్చి గదిని ప్లాస్టిక్ షీట్లతో మూసేశారు. ఇంత సన్నటి పోగుల్ని కూడా పట్టే హెపా ఫిల్టరున్న మెషిన్లతో, తడిగుడ్డలతో శుభ్రం చేశారు. సోఫా, పరుపు, కర్టెన్లు, నా వ్యాక్యూమ్ క్లీనర్ అన్నీ రెండు పొరల సంచుల్లో కట్టి తీసుకుపోయారు. గాలి పరీక్ష బాగానే వచ్చాక ఇంట్లోకి వచ్చాం.

కొనబోయేవాళ్లకి చెప్పేది ఇది. తనిఖీ చేసేవాణ్ని ‘ఆస్బెస్టాస్ ఉందా’ అని అడగకండి, ‘ఎన్ని చోట్ల నమూనా తీశారు, ల్యాబ్ రిపోర్టు ఏదీ’ అని అడగండి. ఒక గదిలో ముక్క మంచిదైతే ఇల్లంతా మంచిదని కాదు. సీలింగు వేరు, ఫ్లోరు వేరు, గొట్టం మీద పూత వేరు. దేనికదే పరీక్ష. గోడ పగలగొట్టే ఉద్దేశం మీకుంటే అది ముందే చెప్పాలి, ఎందుకంటే మామూలు తనిఖీలో గోడ వెనక, టైల్ కింద ఎవరూ చూడరు. ఉందని తేలినా బేరం వదులుకోనక్కర్లేదు. చెక్కుచెదరకుండా ఉన్నదాన్ని అలాగే ఉంచి, గుర్తు పెట్టి, అప్పుడప్పుడు చూసుకోవడం చాలాసార్లు తీయడం కంటే మేలు. మేం ఆ సీలింగు ముట్టుకోకుండా ఉంటే ఈ గొడవే లేదు.

ఇప్పటికే పగలగొట్టేసి ఇది చదువుతుంటే ఊడవకండి, ఫ్యాన్ వేయకండి. గది తలుపు మూసి బయటకు రండి. ఆ బట్టలు దులపకండి, తడిపి సంచిలో కట్టేయండి. తువాలు, సర్జికల్ మాస్కు ఈ దుమ్మును ఆపవు.

మేస్త్రీకి ఫోన్ చేసి ల్యాబ్ రిపోర్టు సంగతి చెప్పాను. "ఇరవై ఏళ్లుగా ఇదే పని సార్, నాకేం కాలేదు" అన్నాడు. "ఇరవై ఏళ్లేగా అయింది" అన్నాను. అనకుండా ఉండాల్సింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. రెండు రోజుల తర్వాత వేరే ఇంట్లోని సీలింగు ఫోటో పంపాడు. ‘ఇది కూడా అదేనా సార్?’ అని కింద రాశాడు. ఫోటో చూసి చెప్పలేం, ముక్క తీయించి పంపమను, అప్పటిదాకా ముట్టుకోకు అని జవాబిచ్చాను.