పవర్ కార్డ్: రెండు వేళ్ళా, మూడు వేళ్ళా, డ్రాప్ డీనా?

మిర్యాలగూడలో ఉండే మా చిన్నమ్మ కొడుకు చర్చి క్వయర్‌లో వాయిద్దామని పోయిన క్రిస్మస్ ముందు సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ గిటార్ ఒకటి కొన్నాడు. "అన్నా, పవర్ కార్డ్ రెండు వేళ్ళతోటి పట్టాలంటడు ఒకడు, మూడు వేళ్ళంటడు ఇంకొకడు, లావు తీగ శ్రుతి దించితే (డ్రాప్ డీ అంట) ఒక్క వేలు సాలంటడు మూడోవాడు, నేనేది నేర్సుకోవాలె?" అని ఫోన్ చేశాడు. ఇది ఫోన్లో తేలే విషయం కాదని ఆదివారం నల్లగొండ నుంచి బస్సెక్కి వెళ్ళాను. నా మాట ముందే చెప్తాను, రెండు వేళ్ళతోనే మొదలుపెట్టాలి. ఎందుకో చెప్పాలంటే అసలు పవర్ కార్డ్‌లో, అంటే రాక్ పాటల్లో బరువుగా మోగే ఆ స్వరాల జంటలో, ఏముందో చూడాలి.

ఉన్నది స, ప. అంతే. తంబురాలో వినపడే జంటే ఇది. మధ్యలో గాంధారం లేదు కాబట్టి మేజరూ కాదు, మైనరూ కాదు, అందుకే జీ5, ఏ5 అని రాస్తారు, 5 అంటే పంచమం. ఆరో తీగ (అన్నిటికన్నా లావుది) మూడో ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు గీత) మీద జీ స్వరం 98 హెర్ట్జ్, దాని పంచమం దాదాపు 147, అంటే రెండుకి మూడు. డిస్టార్షన్, అంటే శబ్దాన్ని కావాలని గరుకు చేసే ఎఫెక్ట్, పెట్టినప్పుడు ఈ రెండింటి తేడా, అంటే 49 హెర్ట్జ్ కూడా లోపల పుడుతుంది, అది సరిగ్గా జీకి కింది స్థాయి జీనే, అందుకే రెండే తీగలు మీటినా గుండెకి తగిలేంత బరువుగా వినిపిస్తుంది. అదే డిస్టార్షన్‌లో గాంధారం కూడా కలిపి చూడండి, గరగరలాడి ఏ స్వరం ఏదో తెలియకుండా పోతుంది.

ఇక పట్టు సంగతి. చూపుడు వేలు ఆరో తీగ మీద, రెండు ఫ్రెట్లు అవతల ఉంగరం వేలు ఐదో తీగ మీద. చూడడానికి ఇంతే, కానీ అసలు పని మోగకూడని తీగల్ని ఆపడంలో ఉంది. చూపుడు వేలిని నిటారుగా నిలబెట్టకుండా కొంచెం పడుకోబెడితే దాని కింది భాగం సన్న తీగల మీద ఆని వాటిని నోరెత్తనివ్వదు. ఇదే పట్టుని ఐదో తీగకి దించినప్పుడు అదే వేలి కొస పైనున్న లావు తీగని ముట్టుకోవాలి, నొక్కకూడదు, ఊరికే తగలాలి. మావాడికి రాకుండా పోయింది ఇక్కడే. ఆరు తీగలూ ఒక్కొక్కటే మీటించాను, రెండు మోగాలి, మిగతావి టక్ టక్ మనాలి. వాడికి నాలుగు మోగాయి. వేలు ఒక వెంట్రుకవాసి పక్కకి జరిపితే రెండయ్యాయి, అప్పుడు వాడి ముఖం చూడాలి!

ఇంకొక మాట, ఒకటో ఫ్రెట్ దగ్గర మొదలుపెట్టకండి. మామూలు 25.5 అంగుళాల స్కేలు (తీగ మోగే పొడవు) గిటార్‌లో ఒకటో ఫ్రెట్ నుంచి మూడోదానికి 6.7 సెంటీమీటర్లు, ఐదు నుంచి ఏడుకి 5.3. కొత్త చేతికి ఆ తేడా చాలా ఎక్కువ.

మూడు వేళ్ళ పట్టులో చిటికెన వేలితో నాలుగో తీగ మీద పై స కలుస్తుంది, స-ప-స అవుతుంది. డిస్టార్షన్ తక్కువ పెట్టుకుని వాయించేవాళ్ళకి ఇది నిండుగా ఉంటుంది, క్వయర్‌లో కీబోర్డు పక్కన నిలబడాలంటే చివరికి ఇదే కావాలి. కానీ మొదటి వారమే దీనికి దిగితే చిటికెన వేలు వణుకుతుంది, దాన్ని నిలబెట్టే టెన్షన్‌లో మణికట్టు బిగిసిపోతుంది, తీగలు ఆపే సంగతి మర్చిపోతారు. నెలాగి కలుపుకోండి.

డ్రాప్ డీ అందరికీ ఆశ పెట్టేది. లావు తీగ శ్రుతిని ఒక స్వరం, అంటే రెండు ఫ్రెట్లంత దించితే ఒక్క వేలు అడ్డంగా పెట్టినా స-ప-స వచ్చేస్తుంది. శ్రుతి చూసుకోవడం కూడా సులువు, దాని పన్నెండో ఫ్రెట్ హార్మోనిక్ (అక్కడ నొక్కకుండా ఊరికే తాకి మీటితే వచ్చే స్వరం) ఖాళీ నాలుగో తీగతో కలిస్తే చాలు. వేగంగా మారే బరువైన రిఫ్‌లకి (మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న వరసలకి) దీనికి సాటి లేదు, నాకూ ఇష్టమే. కానీ మొదటి పాఠంగా వద్దు. రిహార్సల్లో పక్క గిటార్ అతను "మూడో ఫ్రెట్" అన్నాడు, డ్రాప్ డీలో ఉన్న మావాడు మూడో ఫ్రెట్టే పట్టాడు, అందరూ జీలో ఉంటే వీడిది ఎఫ్ మోగింది. ఆరో తీగ మీద అన్నీ రెండు ఫ్రెట్లు జరిగిపోతాయి కదా, అసలు స్థానాలు రాకముందే ఇది నేర్చుకుంటే రెండుసార్లు నేర్చుకోవాల్సి వస్తుంది. పైగా 9 గేజ్ (తీగల మందం లెక్క) సన్న సెట్ అయితే దించిన లావు తీగ వదులై ఫ్రెట్లకి తగిలి జివ్వుమంటుంది, 10 గేజ్ కొంత నయం. బ్రిడ్జి (తీగలు కింద కట్టే భాగం) తేలుతూ ఉండే గిటార్ అయితే ఒక తీగ దించగానే మిగతావాటి శ్రుతి పైకి పోతుంది, పిల్లవాడు గంటసేపు ట్యూనింగే చేస్తూ కూర్చుంటాడు.

వేళ్ళు మరీ చిన్నవి, అందడం లేదు అనేవాళ్ళకి మాత్రం ఒక దారి ఉంది. మామూలు ట్యూనింగ్‌లోనే ఐదు, నాలుగు తీగల్ని ఐదో ఫ్రెట్ దగ్గర ఒకే వేలితో నొక్కండి, ప కింద, స పైన, అదీ జీ5నే. ఫ్యాక్టరీ ప్రమాదంలో రెండు వేళ్ళ కొసలు పోయిన రాక్ గిటారిస్ట్ టోనీ అయోమీ కృత్రిమ కొసలు తొడుక్కుని, పల్చటి తీగలు వేసుకుని వాయించాడు, కాబట్టి వేళ్ళ కొలత చూసి గిటార్ పక్కన పెట్టకండి.

మావాడు రెండు వేళ్ళకి వచ్చాడు. చిటికెన వేలు ఈ నెలే కలిపాడు, ఏడో ఫ్రెట్ దగ్గర శుభ్రంగా పలుకుతోంది, ఒకటో ఫ్రెట్ దగ్గర నాలుగో తీగ ఇంకా మూగగానే ఉంది.