బాస్ సరంజామాతో కొర్రమట్టల వేట: ఆరు సీజన్ల తర్వాత

2019 అక్టోబరులో, చెరువులు నిండి మత్తళ్లు దుంకుతున్న రోజుల్లో, ఏడడుగుల రాడ్డు, 3000 సైజు స్పిన్నింగ్ రీలు, అల్లిక దారం చుట్ట, ఎరగా వాడే రెండు రబ్బరు కప్పలు కొన్నాను. మరుసటి ఏడాది వీటికి గాలి నింపే చిన్న పడవ ఒకటి తోడైంది. ఇవన్నీ లార్జ్‌మౌత్ బాస్ అనే అమెరికా మంచినీటి చేపను పట్టడం కోసం రూపొందిన వస్తువులు. నర్సంపేట, పర్వతగిరి వైపు చెరువుల్లో నేను పట్టేది ఆ చేపను కాదు, కొర్రమట్టను. తెలంగాణ ప్రభుత్వం 2016లో రాష్ట్ర చేపగా ప్రకటించిన కొర్రమీను ఇదే. రెండింటికీ చుట్టరికం లేకపోయినా వేటాడే తీరు ఒకటే. ఆకుల నీడలో కదలకుండా పొంచి ఉండి, పైనుంచి పోయే కప్ప మీదనో చేపపిల్ల మీదనో ఒక్కసారిగా పడి మింగుతాయి. ఆ పోలికను నమ్ముకునే డబ్బు పెట్టాను. ఆరు సీజన్లు వాడిన తర్వాత చూస్తే, ఆ పోలిక కొన్ని వస్తువుల విషయంలో నిలబడింది, కొన్నింటి విషయంలో నిలబడలేదు.

అన్నింటికన్నా ముందు రబ్బరు కప్ప గురించి చెప్పాలి, ఎందుకంటే మిగిలినవన్నీ దాన్ని సరైన చోట వేసి వెనక్కి లాగడానికి ఉన్నవే. ఇది బొటనవేలంత ఉంటుంది, లోపల బోలు, పదిహేను గ్రాముల లోపు బరువు. జంట కొక్కెం పొట్ట కిందినుంచి బయటికి వచ్చి, రెండు ముల్లులూ పైకి తిరిగి, కప్ప వీపుకు ఇరుపక్కలా ఆనుకుని ఉంటాయి. అందువల్ల తామరాకుల మీదుగా లాగినా, గుర్రపు డెక్క మీదుగా లాగినా ముల్లు ఆకుకు తగలదు. చేప నోట పట్టి నొక్కినప్పుడు మాత్రం బోలుగా ఉన్న ఒళ్లు అణిగి ముల్లులు బయటపడతాయి. మామూలు గాలంతో మన చెరువుల్లో ఆకుల మధ్యకు పోవడమంటే పది నిమిషాలకోసారి దారం తెంపుకోవడమే. ఈ కప్పతో మొదటి రోజు మూడు గంటలు ఆకుల్లోనే ఆడాను, ఒక్కసారి కూడా చిక్కుపడలేదు.

చిక్కుపడలేదు కానీ చేపా పడలేదు. ఆ రోజు ఐదుసార్లు కప్ప కింద నీళ్లు బాంబు పేలినట్టు లేచాయి, ఐదుసార్లూ నేను రాడ్డు ఎత్తి గుంజాను, ఐదుసార్లూ కప్ప గాల్లో ఎగిరి నా వైపే వచ్చింది. కట్ట మీద వల ఆరబెట్టుకుంటూ ఇదంతా చూస్తున్న ముసలాయన, ఆ ఊరి మత్స్య సహకార సంఘంలో పాత సభ్యుడు, మొదట నా కప్పను చేతిలోకి తీసుకుని నొక్కి చూసి, "దీనికి పాణం లేదు, వాసన లేదు, మట్ట గంత పిచ్చిదా సారూ?" అన్నాడు. ఐదోసారి తప్పినప్పుడు మాత్రం లేచి నా పక్కకు వచ్చి, "మింగనియ్యి సారూ, మింగనియ్యి. నోట్లె పెట్టంగనే గుంజితె ఇడుస్తది," అన్నాడు. ఆయన వెదురు కర్రకు నిజమైన కప్పపిల్లను గుచ్చి పట్టే మనిషి. ప్రాణమున్న ఎర కాబట్టి చేప దాన్ని నోట్లో తిప్పుకుని మింగేదాకా ఆగడం ఆయనకు అలవాటు. ఆరోసారి నీళ్లు లేచినప్పుడు నేను రాడ్డును నీటి వైపు దించి, మనసులో రెండు అంకెలు లెక్కపెట్టి, దారం బరువెక్కిందని చేతికి తెలిసిన తర్వాత గుంజాను. ముప్పావు కిలో కొర్రమట్ట ఆకులతో సహా వచ్చింది.

బాస్‌కూ కొర్రమట్టకూ ఉన్న అసలు తేడా ఇక్కడే నాకు అర్థమైంది. బాస్ పెద్ద నోరు తెరిచి నీళ్లతో సహా ఎరను లోపలికి పీల్చుకుంటుంది. కొర్రమట్ట ముందు కరిచి పట్టుకుని, ఆ తర్వాత మింగుతుంది. పళ్లు కూడా దీనివి వాడి. అందువల్ల బాస్ కోసం చేసిన కప్ప ఇక్కడ ఎక్కువ కాలం మన్నదు. నా మొదటి కప్ప తొమ్మిదో చేపకే నడుము దగ్గర చిరిగింది. చిరుగు ఎంత చిన్నదైనా లోపలికి నీళ్లు చేరి కప్ప మునుగుతుంది, నాలుగు విసుర్లకోసారి నొక్కి నీళ్లు పిండుకోవాల్సి వస్తుంది. సూపర్ గ్లూ చుక్క వేస్తే రెండు మూడు రోజులు ఆగుతుంది. కొక్కెం విషయంలోనూ ఇదే కథ. చవక రకాల్లో తీగ సన్నగా ఉండి, గట్టి దవడకు తగిలినప్పుడు ముల్లు దిగడానికి బదులు తెరుచుకుంటుంది. ఇప్పుడు ఏ కప్ప కొన్నా రెండు పనులు చేసిన తర్వాతనే నీళ్లలో వేస్తున్నాను: కటింగ్ ప్లేయరుతో ముల్లులను వెంట్రుకవాసి పైకి వంచడం, రబ్బరు తోకలను సగానికి కత్తిరించడం. తోకలు పొడుగ్గా ఉంటే చేప వాటినే కరిచి వదిలేస్తుంది.

కప్పను ఆకుల మధ్య ఖాళీలో ఆపి అక్కడే ఆడించడం బాస్ వేటలో బాగా నడిచే పద్ధతి. నా అనుభవంలో కొర్రమట్టకు ఆపకుండా, ఒకే వేగంతో, నీటి మీద చిన్న గీత పడేలా లాగడమే ఎక్కువ పని చేసింది. వెంట తరుముకొచ్చే చేపకు కప్ప ఎటు పోతుందో అంచనా ఉంటే దెబ్బ తప్పదు. ఈ సంగతి తెలిశాక థాయ్‌లాండ్ రకం కప్ప ఒకటి తెప్పించుకున్నాను. దానికి కొక్కెం తోక వెనక వేలాడుతుంది, పక్కనే చిన్న రేకు గిర్రున తిరుగుతూ చప్పుడు చేస్తుంది. అది కొర్రమట్ట లాంటి పాముతల చేపల కోసమే పుట్టిన వస్తువు కాబట్టి తగిలిన దెబ్బల్లో తప్పేవి సగానికి తగ్గాయి, కానీ ముల్లులు బయట ఉండడం వల్ల చిక్కటి గుర్రపు డెక్కలో పనికిరాదు. అందుకని ఆకులు పలచగా ఉన్నచోట అది, దట్టంగా ఉన్నచోట బోలు కప్ప, ఇలా రెండూ సంచిలో ఉంటున్నాయి. ఒక జాగ్రత్త చెప్పాలి: మెత్తటి ప్లాస్టిక్ పురుగులతో కలిపి ఒకే డబ్బాలో కప్పలను పెట్టి ఎండలో బండి మీద వదిలేశాను, సాయంత్రానికి అన్నీ కరిగి ఒకదానికొకటి అంటుకుపోయి పుల్లట్టులా తయారయ్యాయి.

దారానికి నేను పూర్తి మార్కులు వేస్తాను. ఎనిమిది పోగులు అల్లిన పాలిథిన్ దారం, నలభై పౌండ్లు, అంటే దాదాపు పద్దెనిమిది కిలోల తట్టుడు. ఇది సాగదు. చేప గాలానికి తగిలిన మరుక్షణం తల కిందికి పెట్టి తామర కాడల్లోకి దూరుతుంది, అప్పుడు ఆకుల్ని కోసుకుంటూ రాగలిగే దారం ఇదొక్కటే. మామూలు నైలాన్ తీగ సాగుతుంది, ఆ సాగిన జానెడులోనే చేప కాడకు చుట్టేసుకుంటుంది. కొనగానే నేను చేసిన తప్పు ఏమిటంటే, దారాన్ని నేరుగా రీలు లోహపు బొంగుకు కట్టి చుట్టడం. అల్లిక దారం నున్నటి లోహాన్ని పట్టుకోదు. చేప గుంజినప్పుడు మొత్తం చుట్ట బొంగు మీద జారుతుంటే, రీలు పాడైందనుకుని రెండు రోజులు తల పట్టుకున్నాను. ముందు పదిహేను చుట్లు నైలాన్ తీగ వేసి, దాని మీద అల్లిక దారం చుట్టాక ఆ జారుడు పోయింది. కప్పకు కట్టేది పాలోమార్ ముడి: దారాన్ని మడిచి కంటిలో దూర్చి, వదులు ముడి వేసి, ఆ ఉంగరంలోంచి కప్పను దాటించి, ఉమ్మితో తడిపి బిగించాలి. ఆరు సీజన్లలో ఆ ముడి ఊడింది లేదు. రంగు మాత్రం మొదటి ఎండాకాలానికే వెలిసిపోయింది, దానితో వచ్చే నష్టమేమీ కనిపించలేదు. తెగిన ముక్కలను చెరువులో వదిలితే కొంగల కాళ్లకు చుట్టుకుంటాయి కాబట్టి వాటిని జేబులో వేసుకుని ఇంటికి తెచ్చుకోవాలి.

రీలు పెట్టె మీద డ్రాగ్, అంటే చేప గుంజినప్పుడు దారాన్ని పట్టి ఉంచే బిగింపు, ఎనిమిది కిలోలని పెద్ద అక్షరాలతో ఉంది. 1932లో జార్జియాలో పట్టిన బాస్, 2009లో జపాన్‌లోని బివా సరస్సులో దాని రికార్డుతో సమానమైన బాస్, రెండూ పది కిలోల పైచిలుకువి. అలాంటి చేపల కలలతో అమ్మే వస్తువుల మీద అలాంటి అంకెలే ఉంటాయి. నేను పట్టిన వాటిలో పెద్దది రెండు కిలోల మూడు వందల గ్రాములు. ఆకుల్లో ఎలాగూ డ్రాగ్ పూర్తిగా బిగించి చేపను ఈడ్చుకు రావడమే కాబట్టి ఆ అంకెతో నాకు పని పడలేదు. నాకు పనికొచ్చింది 6.2:1 గేరు. పిడి ఒకసారి తిప్పితే దాదాపు ఎనభై సెంటీమీటర్ల దారం వస్తుంది, చేప నా వైపే దూసుకొచ్చినప్పుడు దారం వదులు కాకుండా చూసుకోగలిగాను.

రెండో ఏడు ఈ రీలు పిడి వెనక్కి తిరగడం మొదలుపెట్టింది. గుంజిన ప్రతిసారీ పావు చుట్టు వెనక్కి జారి, ఆ తర్వాత పట్టుకునేది. అమ్మినవాళ్లు చెప్పిన సర్వీసు కేంద్రానికి పార్సిల్ చేస్తే నాలుగు నెలలకు అదే జబ్బుతో, లోపల ఇంకొంచెం గ్రీజుతో తిరిగొచ్చింది. హన్మకొండలో కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన రీలును ఎన్నడూ చూడలేదు, కానీ మూత విప్పి, ఒకవైపే తిరిగే రోలర్ బేరింగును వేలితో తిప్పి, "గ్రీజుకే జారుతుంది" అని తేల్చేశాడు. కిరోసిన్‌లో ముంచి, గుడ్డతో తుడిచి, ఆరిన తర్వాత మిషన్ నూనె సూది మొనంత పెట్టాడు. యాభై రూపాయలు తీసుకున్నాడు. ఆ తర్వాత నాలుగేళ్లుగా అది జారలేదు.

రాడ్డు గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. మీడియం హెవీ, అంటే కాస్త బిరుసుది, కొన మాత్రమే వంగే ఫాస్ట్ రకం, రెండు ముక్కలు. కట్ట మీద నుంచి ఏడడుగులు సరిగ్గా సరిపోతుంది, పడవలో కూర్చుంటే అడుగు ఎక్కువవుతుంది. ఒకసారి ఆటో కడ్డీకి తగిలి కొన రింగులోని పింగాణీ ఊడింది. ఆ గీరుకు కొత్త దారం రెండు రోజుల్లో నూగు లేచింది, రింగు మార్చేదాకా కారణం తెలియలేదు. కొనలోంచి దూది లాగి చూస్తే పోగు చిక్కుతుంది, అదే పరీక్ష.

పడవ విషయానికి వస్తే, నేను పెట్టిన డబ్బులో దండగైంది ఏదైనా ఉంటే ఇదే. ఏడున్నర అడుగుల పీవీసీ పడవ, మూడు గాలి గదులు, రెండు అల్యూమినియం తెడ్లు, మడిస్తే స్కూటీ కాళ్ల దగ్గర పట్టేంత మూట. అమెరికాలో చిన్న చెరువుల్లో బాస్ పట్టేవాళ్లు ఇలాంటి వాటిలో కూర్చుని హాయిగా తిరిగే వీడియోలు చూసి కొన్నాను. ఆ చెరువుల అడుగున సర్కారు తుమ్మ లేదు. మన చెరువు శిఖంలో వేసవిలో ఎండిన భాగమంతా తుమ్మ మొలుస్తుంది, వానలకు అది మునిగిపోతుంది, పైనుంచి చూస్తే నీళ్లు తప్ప ఏమీ కనిపించవు. మూడో రోజునే అడుగున ముల్లు దిగింది. ఒక గది మెత్తబడుతుంటే మిగిలిన రెండింటి మీద తేలుతూ ఒడ్డుకు వచ్చాను. ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉంది కాబట్టి భయం కన్నా సిగ్గే ఎక్కువైంది. సైకిల్ ట్యూబుల పంచరు వేసే ఆయన తన సొల్యూషన్‌తో ముక్క అతికించాడు, అది వారానికే ఊడింది. అది రబ్బరును పట్టే జిగురు, పీవీసీని పట్టదు. పాలీయురెథేన్ జిగురు తెప్పించి, మచ్చను ఇసుక కాగితంతో రుద్ది అతికిస్తే నిలిచింది. ఇప్పటికి దాని అడుగున పదకొండు అతుకులున్నాయి.

ఇంకో రెండు చిక్కులు. మధ్యాహ్నం ఎండకు లోపలి గాలి ఉబ్బి గోడలు డప్పులా బిగుస్తాయి, ఉదయం పూర్తిగా కొట్టిన గాలిని పదకొండు గంటలకు కొంత వదలకపోతే అతుకుల దగ్గర ప్రమాదం. ఏ మాత్రం గాలి వీచినా ఎండుటాకులా కొట్టుకుపోతుంది. యూరియా సంచిలో ఇసుక నింపి లంగరుగా వాడుతున్నాను, దానికే పడవ బరువులో సగం. ఇదే చెరువులో సంఘం వాళ్లు థర్మాకోల్ దిమ్మలను వలగుడ్డలో బిగించి కట్టిన తెప్ప మీద నిల్చుని, ఒక గడకర్రతో ఎక్కడికంటే అక్కడికి పోతారు. దానికి వంద ముల్లులు దిగినా మునగదు. నా పడవ ధరకు అలాంటివి డజను తయారవుతాయి.

వాగుల సంగతి క్లుప్తంగా. బాస్‌లో స్మాల్‌మౌత్ అనే రకం రాళ్ల మధ్య పారే చల్లటి వాగుల్లో ఉంటుందని, దానికి సన్నటి రాడ్డు, చిన్న ఎరలు వాడతారని చదివి, మా దగ్గరి ఆకేరు వాగు మీదికీ అదే పద్ధతిలో వెళ్లాను. మన వాగు చాలాచోట్ల సంక్రాంతి దాటితే పారడం మానేసి మడుగులుగా మిగులుతుంది. చెక్‌డ్యాముల కింది మడుగుల్లో అరకిలో లోపు మట్టలు, జెల్లలు దొరికాయి. పెద్ద సరంజామా అక్కడ దండగ, ఆరడుగుల రాడ్డు చాలు.

కొనాలనుకునేవాళ్లు ఒక విషయం ముందే తెలుసుకోవాలి. ఏ చెరువులో చేప ఆ ఊరి సంఘానిది. అడిగి, వాళ్లు చెప్పిన రుసుము కట్టి, వాళ్లు చూపిన చోటే వేయాలి. పాకాల, ఏటూరునాగారం వంటి అభయారణ్యాల వైపు గాలం సంచితో పోకూడదు. వానాకాలంలో మరో నియమం నాకు నేను పెట్టుకున్నాను, దాని వెనక ఒక తప్పు ఉంది. 2020 ఆగస్టులో గట్టు వారన నీటి మీద కుంకుమ కలిపినట్టు అరచేయంత మచ్చ కదులుతూ కనిపించింది. అవి పిల్లలు. కింద కాపలా ఉన్న తల్లో తండ్రో కప్పను ఆకలితో కాక కోపంతో కొడుతుంది కాబట్టి మొదటి విసురుకే పడింది. నేను చేపను సంచిలో వేసుకునేలోపే పరకలూ జిలేబీలూ ఆ ఎర్రటి మచ్చలోకి దూరాయి. ముసలాయన ఆ రోజు నన్ను సారూ అనలేదు. "పిల్లలకోడిని కోసినట్టు చేసినవ్," అన్నాడు. అప్పటి నుంచి తొలకరి మొదలు దసరా దాకా రాడ్డు అటక మీదే ఉంటుంది.

మళ్లీ కొనాల్సి వస్తే దారం ఇదే, రాడ్డు ఇదే, రీలు ఇంతకన్నా చవకది, పడవ అసలే వద్దు. కప్పలు మాత్రం ఒక్కో సీజనుకు నాలుగు చొప్పున పోతూనే ఉంటాయి. పోయిన సీజనులో తెచ్చిన నాలుగింటిలో రెండు ఆ ముసలాయన దగ్గరున్నాయి. రీలూ దారమూ లేకుండా వెదురు కర్ర కొసకే కట్టి, ఆకుల ఖాళీల్లో ముంచి తీస్తూ పడుతున్నాడు. ఎలా ఉంది తాతా అంటే, దీనికి వాసన లేదని ఇప్పటికీ అంటాడు, తిరిగి మాత్రం ఇవ్వడు.