పిల్లి పుండుకి బెటాడినా, ఉప్పునీరా, పసుపా?

వీధిలో గండుపిల్లుల పోట్లాటలు మొదలైతే చాలు, నన్ను ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. బుగ్గ మీదో తోక మొదట్లోనో గడ్డ లేచింది, పగిలి చీము కారుతోంది, ఇంట్లో బెటాడిన్ ఉంది, రాయొచ్చా? అమ్మ పసుపు పెట్టమంటోంది, పెట్టనా? ఈమధ్య మా ఇంటి గండుపిల్లి కూడా చెవి కింద ఇలాంటి గడ్డతోనే వచ్చింది కాబట్టి, నేను ఏది వాడాను, ఏది ముట్టుకోలేదు, ఎందుకు అన్నది ఇక్కడ రాసేస్తున్నాను.

మన చేతికి మందు రాసుకునేటప్పుడు క్రిములు చస్తాయా లేదా అనే చూస్తాం. పిల్లి విషయంలో నేను ముందు వేసుకునే ప్రశ్న వేరు: దీన్ని నాకేస్తే ఏమవుతుంది? పిల్లి ఒంటికి రాసిన మందు సగం దాని కడుపులోకే పోతుంది. పైగా దాని కాలేయానికి ఒక లోటు ఉంది. మనలో చాలా మందుల్ని గ్లూకురోనిక్ ఆమ్లంతో కలిపి బయటికి పంపే ఎంజైముల్లో ముఖ్యమైనదొకటి ఉంటుంది. దాని జన్యువు, యూజీటీ1ఏ6, పిల్లి జాతిలో పనిచేయదు. అందుకే ఫినాల్ రకం రసాయనాలు, పారాసెటమాల్ లాంటివి దాని ఒంట్లోనే ఉండిపోయి విషమవుతాయి. నొప్పిగా ఉందేమోనని డోలో ముక్క వేసేవాళ్లున్నారు. ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీస్తుంది. రక్తం ఆక్సిజన్ మోయలేక చిగుళ్లు గోధుమరంగుకి తిరుగుతాయి, మొహం వాస్తుంది.

ఈ లెక్కన డెటాల్ మొదట్లోనే తప్పుకుంటుంది. అందులో 4.8 శాతం ఉండే క్లోరోజైలినాల్ ఫినాల్ కుటుంబానిదే. నీళ్లు కలిపినా నేను వాడను. సావ్లాన్‌లో క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక మందుతో పాటు సెట్రిమైడ్ అనే ఇంకోటి కూడా ఉంటుంది. దాన్ని నాకిన పిల్లికి నాలుక, నోరు పుండ్లు పడొచ్చు. అప్పుడది తిండి మానేస్తుంది, ఉన్న బాధకి ఇంకోటి తోడు.

మిగిలినవాటిలో నా ఓటు సెలైన్‌కే, అంటే ఉప్పునీటికే. మెడికల్ షాపులో దొరికే 0.9 శాతం నార్మల్ సెలైన్ సీసా తెచ్చుకుంటే సరిపోతుంది. అది లేకపోతే లీటరు నీళ్లు మరగబెట్టి, 9 గ్రాముల ఉప్పు, అంటే దాదాపు ఒకటిన్నర టీస్పూను సమంగా కొట్టి వేసి, గోరువెచ్చగా చల్లార్చుకోవచ్చు. నాకినా ఏమీ కాదు, మంట పెద్దగా ఉండదు, కొత్త చర్మం కట్టే కణాలకి హాని లేదు. క్రిముల్ని చంపదుగా అంటారు. నిజమే, చంపదు. కానీ చీముపుండులో సగం పని కడగడమే. పిల్లి పంటి గాటు సూదిమొన అంత ఉంటుంది, లోపలికి మాత్రం లోతుగా దిగుతుంది. పైన తోలు ఒకట్రెండు రోజుల్లో మూసుకుపోతే పాశ్చురెల్లా లాంటి నోటి బ్యాక్టీరియా అడుగున చిక్కుబడి చీము పడుతుంది. కాబట్టి ఆ కన్నం తెరుచుకుని ఉండాలి, చీము బయటికి రావాలి.

మావాడికి చెవి కింద వెంట్రుకలన్నీ చీముతో అట్టకట్టి బిరుసుగా ఉన్నాయి. వాటి కింద చిన్న పెచ్చు, దగ్గరికెళ్తే కుళ్లు వాసన. పిల్లి తోలు చాలా పల్చన, అట్టకట్టిన చోట కత్తెర పెడితే తోలే తెగుతుంది. అందుకని సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డ ఐదు నిమిషాలు ఆనించి ఉంచాను. పెచ్చు దానంతటదే మెత్తబడి ఊడింది. తర్వాత సూది తీసేసిన 20 మిల్లీలీటర్ల సిరంజితో, గట్టిగా పిచికారీ కొట్టకుండా, నెమ్మదిగా సెలైన్ ధారగా పోస్తూ చీము పోయేదాకా కడిగాను. నొక్కి పిండకూడదు, పిండితే చీము లోపల కొత్త దారులు వెతుక్కుంటుంది.

బెటాడిన్‌ని, అంటే పోవిడోన్ అయోడిన్ మందుని, కాదనను, దాని చోటు రెండోది. క్రిముల్ని బాగానే చంపుతుంది, కానీ చీము, రక్తం తగిలితే దాని పదును తగ్గిపోతుంది. అంటే ముందు ఎలాగూ సెలైన్‌తో కడగాల్సిందే. సీసాలో ఉన్నది ఉన్నట్టు పోయకూడదు. 10 శాతం సొల్యూషన్ అయితే ఒక చెంచాకి కనీసం 20 చెంచాల నీళ్లు, 5 శాతం అయితే పది, పలచటి టీ రంగు రావాలి. చిక్కగా పోస్తే మానే కణాలనీ చంపేస్తుంది. కొద్ది నిమిషాలు ఉంచి, మళ్లీ సెలైన్‌తో తుడిచేస్తే నాకడానికి పెద్దగా మిగలదు. సబ్బు కలిసిన స్క్రబ్ సీసా పుండులోకి వద్దు. ఆయింట్‌మెంట్ అయితే జిగురుగా అంటుకుని మొత్తం నోట్లోకే పోతుంది. చిన్న పిల్లి కూనలకీ, పెద్ద పుండ్లకీ అయోడిన్ ఒంట్లోకి ఇంకే భయం ఉంది కాబట్టి డాక్టర్ని అడగకుండా వద్దు.

సెట్రిమైడ్ కలవని ఉత్త క్లోర్‌హెక్సిడిన్ 0.05 శాతానికి పలచన చేస్తే, అంటే 2 శాతం మందు ఒక వంతుకి నీళ్లు దాదాపు 40 వంతులు, బెటాడిన్ కంటే ఎక్కువసేపు పనిచేస్తుంది. కానీ కంట్లో పడితే కనుపాప ముందుపొర దెబ్బతింటుంది, చెవి లోపలికి పోతే వినికిడికి ముప్పు. పిల్లుల దెబ్బలు ఎక్కువగా మొహం చుట్టూనే కదా! వీపు మీదో తొడ మీదో అయితే ఆలోచించొచ్చు.

పసుపుతో నా గొడవ ఒక్కటే, అది ముద్దగా కన్నాన్ని మూసేస్తుంది. చీము లోపలే ఉండి, పైకి మానినట్టు కనిపిస్తుంది. కొబ్బరినూనెతో కలిపితే ఇంకా గట్టిగా మూస్తుంది. వేపనూనె నాకితే పిల్లి చొంగ కార్చుకుంటూ వణుకుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ నురగ చూడటానికి బాగుంటుంది కానీ మానే కణాల్నీ తినేస్తుంది. పౌడర్లు చీముతో కలిసి గడ్డకడతాయి. పురుగులు పడితే పశువులకి పోసినట్టు టర్పెంటైన్, కర్పూరం పిల్లికి పోయకండి, నేరుగా డాక్టర్ దగ్గరికే.

నిజానికి చీముగడ్డ అయితే ఇంట్లో కడగడం డాక్టర్ దగ్గరికి వెళ్లేలోపు చేసే పని. గడ్డ పగలకపోతే డాక్టరే మత్తిచ్చి కోసి శుభ్రం చేస్తారు. జ్వరం 39.2 డిగ్రీలు, అంటే 102.5 ఫారెన్‌హీట్ దాటినా, ఒక రోజు ముద్ద ముట్టకపోయినా ఆగొద్దు. లావు పిల్లులు రెండు మూడు రోజులు తినకపోతే కాలేయం కొవ్వు పట్టి మొరాయిస్తుంది. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ పశువుల ఆసుపత్రి ఉంది. యాంటీబయాటిక్ సాధారణంగా అమాక్సిసిలిన్-క్లావులనేట్ ఇస్తారు, బరువు తూచి. ఇంట్లో మిగిలిన స్ట్రిప్పులు వద్దు. ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ రోజుకి కిలోకి 5 మిల్లీగ్రాములు దాటితే పిల్లి చూపే పోవచ్చు.

పుండు నాకకుండా మెడకి గరాటులాంటి కోన్ కట్టడం మాత్రం తప్పదు, తిండి పెట్టేటప్పుడు దగ్గరుండి తీస్తే చాలు. పిల్లికి రేబిస్ టీకా వేయించారో లేదో కూడా సరిచూసుకోండి, కరిచింది ఏ జంతువో తెలియదు కదా. కడిగేటప్పుడు గ్లవుజులు వేసుకోండి. అయినా పిల్లి మిమ్మల్ని కరిస్తే సబ్బుతో, పారే నీళ్లతో 15 నిమిషాలు కడుక్కుని, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.