రూముకి ఉప్పునీళ్ళు, లానుకి మంచినీళ్ళు: తూపిలిపాళెం వైపు రెండు రోజులు

తిరుపతి వాళ్ళకి సముద్రం అంటే ముందు గుర్తొచ్చేది మద్రాసే. మెరీనా, మహాబలిపురం, ఓపికుంటే పాండిచ్చేరి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు నాయుడుపేట, సూళ్ళూరుపేట, వాకాడు మన జిల్లాలోకి వచ్చాయి, వాటితోపాటు సముద్రమూ వచ్చింది. అయినా మా వీధిలో ఎవర్నడిగినా ‘మన జిల్లాలో బీచ్ యాడుండాది?’ అనే అంటారు.

జనవరి చివర్లో మా బావ మస్కట్ నుంచి నెల సెలవు మీద వచ్చాడు. అక్కడ సముద్రం ఒడ్డునే ఉన్న ఒక గోల్ఫ్ కోర్సులో ఆయనకి గడ్డి చూసుకునే పని. మొదట్లో కోత మిషన్ తోలేవాడు, ఇప్పుడు ఫోర్‌మన్. ఇన్నేళ్ళూ మేమంతా దాన్ని ‘గడ్డి కోసే ఉద్యోగం’ అనే అనుకున్నాం. ఆయనా ఎప్పుడూ వివరించింది లేదు. అక్క, బావ, నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, ఒక కారు. రెండు రోజులు తిరిగొద్దామని తెల్లారి ఐదింటికి బయల్దేరాం.

శ్రీకాళహస్తి దాటి నాయుడుపేట దాకా రోడ్డు బాగుంది. నాయుడుపేటలో బస్టాండు దగ్గర ఇడ్లీ తిని, మద్రాసు హైవే ఎక్కి దొరవారిసత్రం వైపు తిరిగితే నేలపట్టు. ఎనిమిది లోపల చేరగలిగితేనే వెళ్ళండి. ఎండ ఎక్కితే పక్షులూ బద్ధకంగా ఉంటాయి, పిల్లలూ విసిగిస్తారు.

నేలపట్టు పెద్దదేం కాదు, నాలుగున్నర చదరపు కిలోమీటర్లు. 1976 నుంచి పక్షుల రక్షిత కేంద్రం. చెరువులో సగం మునిగిన కడప చెట్లు, వాటి నిండా గూడబాతుల గూళ్ళు. వాచ్ టవర్ మీంచి చూస్తే కొమ్మలకి సున్నం కొట్టినట్టు ఉంటుంది, అదంతా రెట్ట. ముక్కు మూసుకుంది మా ఆవిడ. బావ మాత్రం మెట్ల మీద కూర్చుండిపోయాడు. ఆ రెట్టంతా చెరువు నీళ్ళలో కలుస్తుంది, ఆ నీళ్ళు కింద పొలాలకి పారతాయి. ఈ నీళ్ళు పారితే ఎరువు కొనే పని తగ్గుతుందని అక్కడి రైతుల నమ్మకం. అందుకే పక్షుల జోలికి ఎవర్నీ పోనివ్వరు.

‘బంకమట్టి కాబట్టి సరిపోయింది అబ్బోడా. ఇదే ఇసుక నేలైతే ఒక్క వానకి కిందికి దిగిపోతాది’ అన్నాడు బావ. వాళ్ళ కోర్సంతా ఇసుకేనట. ఇసుక మీద యూరియా చల్లడం జల్లెడలో నీళ్ళు పోసినట్టేనని, చల్లింది గడ్డికి అందేలోపే భూగర్భ నీళ్ళలోకి, అక్కడ్నుంచి సముద్రంలోకి పోతుందని చెప్పాడు. అందుకే వాళ్ళు బస్తాల లెక్కన చల్లరు. పసిబిడ్డకి ఉగ్గు పెట్టినట్టు కొంచెం కొంచెం, ఆకు మీద పిచికారీ చేస్తారు. నీటి గుంటల పక్కన పదడుగుల మేర గడ్డి అసలు కోయరు. కోర్సు మీంచి ఏదైనా కొట్టుకొచ్చినా ఆ పొడుగ్గడ్డి పట్టుకుంటుందట.

మధ్యాహ్నానికి సూళ్ళూరుపేట. లాడ్జి మామూలుదే, రూము 1,400. దుప్పట్లు శుభ్రం, గీజరు పని చేసింది, కింద మెస్సులో చేపల పులుసు భోజనం బాగుంది. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు, ఒక రాత్రికి అంతకంటే అక్కర్లేదు కూడా.

సాయంత్రం శ్రీహరికోట రోడ్డు. రెండు పక్కలా పులికాట్, మధ్యలో మన కారు. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఫ్లెమింగోలు ఉన్నాయి కానీ దూరంగా, కంటికి గులాబీ రంగు గీతలా కనిపిస్తాయి. బైనాక్యులర్స్ లేకుండా వెళ్ళడం మా తప్పు. పక్కన కారాపిన నెల్లూరు వాళ్ళు మా పిల్లలకి తమది ఇచ్చారు. షార్ రాకెట్ కేంద్రం గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాం.

రెండో రోజు తూపిలిపాళెం. మళ్ళీ నాయుడుపేట వచ్చి వాకాడు మీదుగా వెళ్ళాలి. చివరి కొన్ని కిలోమీటర్లు రోడ్డు సన్నం, ఎదురుగా బండొస్తే ఎవరో ఒకరు దిగాల్సిందే. బీచ్ మాత్రం, నిజం చెప్తున్నా, మెరీనా కంటే నూరు రెట్లు నయం. జనం లేరు, గుర్రాలు లేవు, బజ్జీల బండ్లు లేవు. సర్వి తోటలు, ఇసుక దిబ్బలు, ఆ తర్వాత సముద్రం. అల లోపలికి లాగుతుంది, మోకాలు దాటి దిగొద్దని వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళు చెప్పారు. దిగలేదు.

దిబ్బ మీద మేక గిట్టల్లాంటి ఆకులతో, ఊదారంగు పువ్వులతో ఒక తీగ పాకి ఉంది. దాని పక్కన రావణాసురుడి మీసాలు. తెలియని వాళ్ళకి: సూదుల్లాంటి ఆకుల గడ్డి అది, దాని కాయ ముళ్ళబంతిలా ఉంటుంది. తెగిపడితే గాలికి ఇసుక మీద చక్రంలా దొర్లుకుంటూ పోతుంది. మావాడు దాని వెంట పరిగెత్తి పట్టుకోబోయి వేలికి గుచ్చుకున్నాడు. బావ వాడి చెయ్యి చూసి, తర్వాత ఆ గడ్డి మొదట్లో వేళ్ళు పెట్టి ఇసుక తవ్వాడు. జానెడు లోతున కూడా దాని వేరు తగిలింది. ‘ఈ దిబ్బని నిలబెట్టింది ఇదేరా. దీన్ని పీకినోడికి దిబ్బా మిగల్దు, దాని వెనకాల ఇల్లూ మిగల్దు’ అన్నాడు.

ఇక రిసార్టు. పేరు రాయను. ఆ తీరంలోనే, సముద్రానికి దగ్గర్లో. ఆన్‌లైన్‌లో ఫొటోలు చూసి బుక్ చేశాం, రెండు రూములు, ఒక్కోటి 3,800. ఫొటోలో ఉన్న పచ్చటి లాన్ చూసే మా అక్క పట్టుబట్టింది. లాన్ నిజంగానే ఉంది, ఎకరం ఉంటుంది. సగం పచ్చగా, సగం ఎండుగడ్డి రంగులో.

రూములో స్నానానికి వెళ్తే సబ్బు నురగ రాదు. నోట్లో పోసుకుంటే ఉప్పు. ‘బోరు నీళ్ళు సార్, ఇక్కడంతా ఇంతే’ అన్నాడు బాయ్. సరే, సముద్రం పక్కన ఉప్పు నీళ్ళు కాక పన్నీరు వస్తుందా అని సర్దుకున్నాం. కిటికీలోంచి చూస్తే మధ్యాహ్నం పన్నెండున్నర ఎండలో లాన్ మీద స్ప్రింక్లర్లు తిరుగుతున్నాయి. అవేం నీళ్ళని అడిగితే, ట్యాంకర్ నీళ్ళట. లోపలి ఊళ్ళ నుంచి రోజుకి రెండు ట్యాంకర్లు. మాకు ఉప్పు, గడ్డికి తీపి! నాకు కోపం వచ్చింది కానీ బావకి మాత్రం సరదా పుట్టింది.

కాంటీన్‌లో పన్నెండు కాగితం టీ కప్పులు అడిగి తెచ్చి, పిల్లలిద్దరితో లాన్ మీద వరసగా, అడుగుల లెక్కన పెట్టించాడు. ఇరవై నిమిషాలయ్యాక అందరం వంగి చూశాం. స్ప్రింక్లర్ దగ్గరి కప్పు సగం నిండింది. నాలుగో కప్పులో అడుగు తడిసింది. సముద్రం వైపు ఉన్న మూడు కప్పులు పొడిగా ఉన్నాయి, ఒకటి గాలికి ఎగిరిపోయింది కూడా. మస్కట్‌లో సీజన్ మొదట్లో కోర్సంతా ఇట్నే కప్పులు పెట్టి చూస్తారట. నీళ్ళు ఎంత పోశామన్నది కాదు, ఎక్కడ పడ్డాయన్నదే లెక్క. ఇక్కడ పోసినదాంట్లో సగం గాలికి పోయి కాంపౌండ్ గోడని తడుపుతోంది. అక్కడ నీళ్ళు పెట్టేది రాత్రిపూట, గాలి ఆగాక.

ఆయన వేళ్ళ మీద లెక్క కట్టాడు. ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీళ్ళు నిలవాలంటే నాలుగు వేల లీటర్లు. మన ఎండకి గడ్డి రోజుకి ఐదు మిల్లీమీటర్లు తాగుతుందనుకుంటే ఇరవై వేల లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు. వీళ్ళు తెచ్చేది రెండు. అందుకే సగం లాన్ పచ్చ, సగం ఎండు. ‘మీ అక్క ఫొటోలో చూసింది వానాకాలపు లాన్’ అన్నాడు. అక్క మాట్లాడలేదు.

ఈ కప్పుల తమాషా చూసి మేనేజర్ వచ్చాడు, కుర్రాడే, మర్యాదస్తుడు. బావ పని సంగతి తెలియగానే కుర్చీ వేయించి టీ చెప్పాడు. ‘మా ఓనరు గారు కూడా గోల్ఫ్ పెట్టాలనుకుంటున్నారు సార్. ఆ ముందున్న దిబ్బ చదును చేసేస్తే తొమ్మిది హోల్స్ వస్తాయంట. ఏ గడ్డి వేస్తే బాగుంటుంది?’

బావ జేబులోంచి చిన్న చాకు తీసి, లాన్‌లో నాలుగు వేళ్ళ మందం ముక్క కోసి అరచేతిలో పెట్టుకున్నాడు. పైన గడ్డి, కింద ఎర్రమట్టి, ఆ కింద ఇసుక. ఎర్రమట్టి ఎక్కడ్నుంచో లారీల్లో తెచ్చి పోసిందే. మట్టికి ఇసుకకి మధ్య తెల్లటి పొర. వేలితో గీకి నాలుక మీద పెట్టుకున్నాడు. ‘ఉప్పే. ట్యాంకర్ రాని రోజు బోరు నీళ్ళు పెడతావున్నారు కదా?’ మేనేజర్ తల గోక్కున్నాడు.

అప్పుడు మొదలైంది అసలు పాఠం. ఉప్పు తట్టుకునే గడ్డి ఉంది, పాస్పాలమ్ అంటారు, గల్ఫ్ తీరాల్లో బాగా వేస్తారు. అయినా దానికీ అప్పుడప్పుడు మంచినీళ్ళు పెట్టి వేళ్ళ దగ్గరి ఉప్పు కిందికి కడగాల్సిందే. మామూలుగా వేడి దేశాల కోర్సుల్లో వేసే బెర్ముడా అంటే మన గరికే, వినాయక చవితికి మనం ఇరవై ఒకటి కోసే గరిక. సంకరం చేసి సన్నం చేశారంతే. ఆ మాటకి మా ఆవిడ కూడా దగ్గరికొచ్చి కూర్చుంది. నీళ్ళు మాత్రం మస్కట్ కోర్సులో వాడేవి ఊరి మురుగు శుద్ధి చేసినవి, అక్కడ టీఎస్ఈ అంటారు, తాగొద్దని అంతటా బోర్డులుంటాయి. ‘మీకు ఇరవై రూముల స్నానాల నీళ్ళు, వంటింటి నీళ్ళు ఉండాయి. అవి ఇంకుడు గుంటలో పోసి, పక్కూరి తాగేనీళ్ళు గడ్డికి కొంటావున్నారు’ అన్నాడు.

అంతకంటే ముఖ్యమైంది, గడ్డి తగ్గించడం. నూటయాభై ఎకరాల కోర్సులో బంతి గుంతలో పడేసే ఆ నున్నటి గ్రీన్లన్నీ కలిపినా మూడెకరాలకి అటూఇటూనే. గారాబం చేయాల్సింది వాటినే. మిగతాది ఎంత వదిలేస్తే అంత మంచి మేనేజ్‌మెంట్. అసలు గోల్ఫ్ పుట్టిందే స్కాట్లండ్ తీరంలో, పంటకి పనికిరాని ఇసుక దిబ్బల మీద. దిబ్బల్ని దిబ్బల్లానే ఉంచి ఆడారు. బావ వాళ్ళ కోర్సు పెద్ద సూపరింటెండెంటుది ఆ దేశమే. సెయింట్ ఆండ్రూస్‌లో ఓల్డ్ కోర్సని ప్రపంచంలోకెల్లా పేరున్నది ఉంది, ఏదో పెద్ద పోటీ ఉంటే తప్ప ఆదివారం అక్కడ ఆట ఉండదట. ఊరివాళ్ళు కుక్కల్ని తీసుకుని దానిమీదే నడుస్తారు. నేలకి విశ్రాంతి. మా తాత సోమవారం ఎద్దులకి కాడి కట్టేవాడు కాదు, అట్లాంటిదే. అదే దేశంలో మాంట్రోజ్ అనే ఊళ్ళో సముద్రం కోసుకుంటూ వస్తుంటే పాత కోర్సులో ఆట మొదలుపెట్టే చోట్లనే వెనక్కి జరుపుకోవాల్సొచ్చింది.

మధ్యలో నేనూ ఒక మాట వేశాను. ఇళ్ళ ప్లాన్లు గీసే పని కాబట్టి తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు అప్పుడప్పుడు తిరగేస్తుంటా. తీరంలో అవి వర్తించే మేర ఇసుక దిబ్బల్ని అందం కోసమైనా, ఆటల కోసమైనా చదును చేయడం నిషేధం. పోటు నీళ్ళు ఎక్కువలో ఎక్కువ చేరే గీత నుంచి 200 మీటర్ల లోపల బోరు వేసి రిసార్టుకి నీళ్ళు లాగడమూ కుదరదు. మేనేజర్ టీ కప్పు కింద పెట్టి, ‘ఓనరు గారితో మాట్లాడతా సార్’ అన్నాడు. ఆ స్వరం నాకు బాగా తెలుసు. మా ఆఫీసులో నేనూ రోజుకి నాలుగుసార్లు అట్లాగే అంటుంటా.

రాత్రి భోజనం బాగుంది, అది దాచకూడదు. రొయ్యల వేపుడు, పీతల పులుసు, వడ్డించిన అమ్మ మాటా మంచిది. కానీ పడుకోబోతే రెండు ఫ్లడ్‌లైట్లు సముద్రం మీదికి పగలులా వెలుగుతున్నాయి. జనవరి నుంచి మన తీరానికి తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. గుడ్లు పగిలి తాబేలు పిల్లలు బయటికొచ్చాక వెలుతురున్న వైపు పాకుతాయి. అటు సముద్రం ఉండాలి, ఇక్కడ మాత్రం రిసార్టు గేటుంది. వాచ్‌మన్‌ని పిలిచి అడిగాను. ‘నాకూ తెల్సు సార్, మాది ఈ ఊరే. ఆర్పితే ఓనరు ఫోన్లో కెమెరా చూసి అరుస్తాడు’ అన్నాడు. అయినా పదకొండు తర్వాత ఒకటి ఆపేశాడు, పాపం.

ఎవరైనా వెళ్ళాలనుకుంటే నా సలహా: నేలపట్టు తప్పకుండా, డిసెంబరు జనవరిల్లో పొద్దున్నే. పులికాట్ సాయంత్రం, బైనాక్యులర్స్‌తో. తూపిలిపాళెం పగలు చూసుకుని రాత్రికి సూళ్ళూరుపేటకో నాయుడుపేటకో వచ్చేయండి. పద్నాలుగు వందల లాడ్జిలో మంచినీళ్ళ స్నానం దొరికింది, ముప్పై ఎనిమిది వందల చోట దొరకలేదు. సముద్రం పక్కనే పడుకోవాలని పట్టుదల ఉంటే, బుక్ చేసే ముందు ఫోన్ చేసి స్నానానికి ఏ నీళ్ళని అడగండి. లాన్ ఉందా అని కూడా అడగండి. ఉందంటే ఇంకోచోటు చూసుకోండి.

పొద్దున తొమ్మిదికి బయల్దేరాం. మావాడు రావణాసురుడి మీసాల కాయని పాత డబ్బాలో పెట్టి ఒళ్ళో పట్టుకున్నాడు. సన్నరోడ్డు మలుపులో ట్యాంకర్ ఎదురొచ్చింది, మూత సరిగ్గా బిగించలేదు, వెనకాల రోడ్డంతా తడి గీత. డ్రైవర్ హారన్ కొడుతూనే ఉన్నాడు. పక్కన దిగడానికి చోటు లేదు. నేను రిసార్టు గేటు దాకా రివర్స్‌లో వెనక్కి వెళ్తేగానీ అది లోపలికి పోలేదు.