జ్ఞానదంతం తీయించుకున్నాక జెల్ ప్యాక్: రెండేళ్ల వాడకం మీద

బెంగళూరు మారతహళ్లిలో మందుల షాపుకెళ్లి ఈ నీలం రంగు జెల్ ప్యాక్ కొన్నప్పుడు నా కుడి చెంప పూరీలా పొంగి ఉంది. అప్పటికి పన్ను తీసి మూడో రోజు. చల్లటి కాపడం మొదలుపెట్టాల్సిన రోజు అది కాదని ఎడమవైపు పన్ను కూడా తీయించుకునేటప్పుడే తెలిసింది.

రెండూ కింది దవడలో అడ్డంగా పడుకున్న పళ్లే. మొదటిసారి క్లినిక్‌లో ఇచ్చిన కాగితం మీద "ఐస్ పెట్టాలి" అని మాత్రమే ఉంది. ఎప్పుడు, ఎంతసేపు అని లేదు. తిరిగొచ్చేటప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు గుంతల్లో ఆటో ఎగిరెగిరి పడుతున్నా నాకేమీ తెలియలేదు. ఇంతేనా అనుకున్నా. మత్తు దిగాక మొదలైంది సలుపు! అప్పుడు మాత్ర మింగి, అది పనిచేసేదాకా పీజీ హాస్టల్ గదిలో గోడ చూస్తూ కూర్చున్నా.

8 నెలల తర్వాత రెండోసారికి ముందే డాక్టర్ని కూర్చోబెట్టి అడిగా. మత్తు పూర్తిగా దిగకముందే, కడుపులో కాస్త ఏదైనా పడ్డాక, ఐబుప్రోఫెన్, పారాసిటమాల్ కలిసిన మాత్ర వేసుకోమన్నారు. మొదటి రెండు రోజులు నొప్పి కోసం ఎదురు చూడకుండా, రాసిచ్చిన వేళకే వేసుకున్నా. (మా నాన్నకు అల్సర్ ఉంది, ఆయనకు ఐబుప్రోఫెన్ పడదు. మీరూ మీ డాక్టర్నే అడగండి.)

ఇంటికి రాగానే ప్యాక్ మొదలుపెట్టా: గుడ్డ చుట్టి 20 నిమిషాలు, మళ్లీ 20 నిమిషాలు విరామం. మొదటిసారి గుడ్డ లేకుండా పెట్టుకుని చర్మం ఎర్రగా కమిలింది లెండి. ఈసారీ వాపు వచ్చింది, రెండో రోజు పెరిగింది కూడా. కానీ రాత్రి నిద్ర పట్టింది. రెండు రోజులయ్యాక చల్లటిది ఆపి, వేడి కాపడం పెట్టా. నోట్లోకి రెండు వేళ్లు పట్టనంత బిగుసుకున్న దవడకు అదే హాయి.

ఇక వస్తువు సంగతి. ఫ్రీజర్‌లో రాయిలా గట్టిపడదు, చెంపకు సరిగ్గా అతుక్కుంటుంది. ఇది నిజంగా మంచి గుణం. కానీ చల్లదనం 20 నిమిషాలకే తగ్గుతుంది, మళ్లీ చల్లబడటానికి గంటన్నర పైనే. ఒక్కటి కొంటే చాలదు. తలకు చుట్టే పట్టీ దండగ: వెల్‌క్రో జుట్టు పీకుతుంది, ప్యాక్ మెడలోకి జారిపోతుంది. అనంతపురం నుంచి వచ్చిన అమ్మ తన పాత చీర ముక్కతో గడ్డం కింద నుంచి కట్టింది. పంటినొప్పి కార్టూన్‌లా ఉన్నా గానీ, కదల్లేదు. పీజీ ఫ్రీజర్‌లో ఎవరిదో చికెన్ పక్కన పెడితే గుడ్డకు ఆ వాసన పట్టింది. ఆ వారం ఆకలితో ఉన్నవాడికి అది పెద్ద హింస.

తిండి మాటకొస్తే, అమ్మ చల్లార్చిన రాగిజావ చెంచాతో తాగించింది. స్ట్రా వాడలేదు, గట్టిగా ఉమ్మలేదు. పన్ను గుంతలో గడ్డకట్టిన రక్తం ఊడిపోతే ఎముక బయటపడి, మూడు నాలుగు రోజులకు అసలు నొప్పి మొదలవుతుందట. ఉప్పునీళ్లు కూడా మర్నాటి నుంచే, అదీ మెల్లగా తిప్పి వంపేయడమే.

రెండో ఏడు ప్యాక్ మూల దగ్గర అతుకు ఊడి జెల్ కారింది. టేపేసి ఇప్పుడు మడమ నొప్పికి వాడుతున్నా. ఐదుకు మూడు ఇస్తా. కొనేవాళ్లు రెండు కొనండి, ఆపరేషన్‌కు ముందు రోజే ఫ్రీజర్‌లో పెట్టుకోండి.