ఉద్దానంలో ‘ఆరోగ్య నాయకురాలు’ శిక్షణ: వెళ్లొచ్చు, కానీ ముందే రెండు మాటలు అడగండి

పలాసలో ఒక స్వచ్ఛంద సంస్థ డ్వాక్రా మహిళలకి ఉచితంగా ఆరోగ్య శిక్షణ ఇస్తోందని మండల సమాఖ్యలో చెప్తే పేరిచ్చాను. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి మండలం. గ్రామ సంఘం పుస్తకాలు నేనే రాస్తాను. ఈసారి బ్యాచ్‌కి వెళ్దామా వద్దా అని చాలామంది అడుగుతున్నారని ఇది రాస్తున్నాను. చురకలు కూడా ఉన్నాయి కాబట్టి సంస్థ పేరు రాయడం లేదు.

మొదట్లో అంతా దండగే. నాయకత్వ లక్షణాలు ఎన్ని, మంచి నాయకురాలు ఎలా ఉండాలి అని చార్టుల మీద రాయించారు. తర్వాత కిడ్నీ జబ్బంటే ఏమిటో తెరమీద బొమ్మలేసి చూపించారు. ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఈ జబ్బుతో కాపురం చేస్తున్నవాళ్లకి అది బొమ్మల్లో చూపించాలా?

నర్సమ్మగారు వచ్చాకే అసలు పని మొదలైంది. బీపీ మిషన్లు చేతికిచ్చి, ఒకరికొకరు చూసుకోమన్నారు. ముందు ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. పాదాలు నేలకి ఆనాలి. మిషన్ పట్టీ రవిక చేతిమీద కాదు, ఒంటిమీదే, గుండె ఎత్తులో ఉండాలి. చూస్తున్నంతసేపూ మాట్లాడకూడదు. మా వాళ్లకి ఈ చివరిదే గండం! నా ఎదురుగా ఉన్న పిన్ని కోడలి సంగతులు చెప్తూ చూపించుకుంటే పై అంకె 150 దాటింది. నోరు మూసుకుని కూర్చున్నాక మళ్లీ చూస్తే 130ల్లోకి దిగింది. 140/90 దాటినా ఒక్కసారికే బీపీ అని ముద్ర వేయకండి, ఇంకోరోజు మళ్లీ చూడండి అన్నారావిడ.

ఇంకోరోజు ఇళ్లలోని ఖాళీ మాత్రల అట్టలు తెమ్మన్నారు. బల్లమీద కుప్ప పడ్డాయి. ఎక్కువ డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలే. ఉద్దానంలో జబ్బు ఎందుకొస్తోందో ఇంకా తేలలేదు గానీ, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి ఈ బిళ్లలు ఇంకా చేటు అన్నది ఖాయం. జీడి ఫ్యాక్టరీలో పనిచేసే ఒక మామ్మ లేచి, “బిళ్ల మానేస్తే రేపు పన్లోకి ఎవులెల్తారు తల్లీ?” అంది. నర్సమ్మగారు కసురుకోలేదు. డాక్టరుగారి దగ్గర ఏమేమి అడగాలో, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష ఎలా రాయించుకోవాలో ఆ మామ్మ చేతే చెప్పించారు. నా మటుకు శిక్షణ మొత్తానికి అదే గొప్ప గంట.

గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ అని ఒకటుంటుందని, దానికి ఏడాదికి 10,000 రూపాయల నిధి పెట్టారని కూడా అక్కడే విన్నాం. మా బ్యాచ్‌లో ఆ కమిటీ పేరు విన్నవాళ్లే లేరు. అర్జీ పెట్టుకోవడం కూడా నాటకంలా ఆడించి నేర్పించారు. ఒకాయన అధికారిలా కుర్చీలో కూర్చుని “ఏటి కావాలి?” అని గదమాయిస్తే మేం అర్జీ వివరించాలి. మొదటిసారి అందరికీ టెన్షనే. పేరు, తేదీ, పరీక్ష కాగితం వరుసగా పెట్టుకుని వెళ్తే గొంతు దానంతటదే లేస్తుంది. సోమవారం అర్జీ పట్టుకుని కలెక్టరేట్‌కి వెళ్లేవాళ్లకి ఇది పనికొచ్చే విద్య.

భోజనం బాగుంది. కాకపోతే ఉప్పు తగ్గించమని పాఠం చెప్పి, ఆవకాయ, అప్పడాలు వడ్డించారు! జీడిపిక్కలు ఏరే రోజుల్లో శిక్షణ పెట్టడం మాత్రం అన్యాయం. కూలి పోయిన వాళ్లకి బస్సు ఛార్జీ కూడా ఇవ్వలేదు.

సర్టిఫికెట్లు పంచాక వాళ్లు మళ్లీ కనబడితే ఒట్టు. కిడ్నీ దెబ్బతింటే మూత్రంలో పోయే ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ని చూసే పట్టీలు పంపిస్తామన్నారు, రాలేదు. ఫోన్ ఎత్తరు. అంతకంటే పెద్ద లోపం, ఆశా కార్యకర్తల్ని పిలవకపోవడం. ఒకరికి బీపీ 170 వస్తే నేను ఎవరికి చెప్పాలి? మా ఊరి ఆశా అయితే తన ఉద్యోగానికి ఎసరు పెట్టడానికొచ్చానేమోనని కొన్నాళ్లు ముఖం తిప్పుకుంది. నేనే వాళ్లింటికెళ్లి కూర్చుని మాట్లాడాను. ఇప్పుడు 104 బండి వచ్చే రోజు జాబితా ఇద్దరం కలిసి రాస్తున్నాం.

ఐదుకి మూడు ఇస్తాను. ఆ మూడూ నర్సమ్మగారివే. వెళ్లేవాళ్లు శిక్షణ అయ్యాక ఫోన్ ఎత్తేది ఎవరు, పట్టీలు ఎప్పుడిస్తారు అని మొదటిరోజే అడిగి రాయించుకోండి. మీ ఊరి ఆశాని కూడా తీసుకెళ్లండి. పిలవకపోయినా పర్లేదు, అక్కడ తలలు లెక్కపెట్టేవాళ్లు లేరు.